కిలో చేపలో కండ ఎంత?

చేపను తూచినప్పటి బరువులో చివరికి గిన్నెలో పడేది ఎంత అన్నదే కండ దిగుబడి. పొలుసు గీకి, మొప్పలు, పేగులు తీస్తే చెరువు చేపల్లో దాదాపు 80 శాతం నిలుస్తుంది. తల కూడా తీసేస్తే 60 దగ్గరికి దిగుతుంది. చర్మం ఒలిచి, నడిముల్లు వదిలి ఫిల్లెట్ కోస్తే 35–45 శాతమే. కిలో 150 రూపాయల చేపలో 60 శాతం ముక్కలొస్తే ముక్కల ధర కిలో 250 పడినట్టు. ఫిల్లెట్ 40 శాతమైతే అది 375.

కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతపు కొల్లేరు చెరువుల్లో ఎక్కువగా పెరిగేది శీలావతి, దానికి తోడు బొచ్చె. శీలావతికి నోరు చిన్నది, ఒళ్లు కోలగా ఉంటుంది. బొచ్చె నీటి పైపొరల్లో తేలే సూక్ష్మజీవుల్ని మొప్పలతో వడగట్టి తింటుంది కాబట్టి దానికి పెద్ద నోరు, వెడల్పాటి తల. బరువులో పావువంతు దాకా తలకే పోతుంది. లెక్కప్రకారం శీలావతిదే పైచేయి. కానీ ఇక్కడి చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్‌కు పోతుంది. అక్కడ బొచ్చె తలకు గిరాకీ. గోదావరి జిల్లాల పులుసులోనూ తలకు చోటుంది. తలను వ్యర్థం కింద రాసే ఏ పట్టికైనా ఈ రెండు వంటిళ్లలో తప్పే.

పేగుల వాటా మేతను బట్టి మారుతుంది. చెరువులో గెడలకు కట్టిన చిల్లుల సంచుల్లో తవుడు, వేరుశెనగ చెక్క పెడతారు. చేపలు ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. గడ్డీ తవుడూ తినే చేపకు పేగు చాలా పొడవు. పట్టుబడికి ముందురోజు మేత ఆపితే అది ఖాళీ అవుతుంది, చేప నిలవా బాగుంటుంది.

1990లలో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చిన ఫంగస్ (పంగాసియస్) చేపకు పొలుసు లేదు, కండలో సన్నముళ్ల బెడదా లేదు. హోటళ్లకు నచ్చింది అందుకే. అయితే మేత ఎక్కువైతే పొట్టనిండా కొవ్వు పడుతుంది. కిలో ఫిల్లెట్‌కు రెండున్నర కిలోల పైనే చేప కావాలి. తిలాపియా ఫిల్లెట్ ఇంకా తక్కువ, సుమారు మూడోవంతు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రూప్‌చంద్‌కు తల చిన్న, ఒళ్లు వెడల్పు. తూకంలో లాభమే, కానీ శీలావతి లాగే కండలో చీలిక ముళ్లుంటాయి. కొర్రమీనుకు ఆ ముళ్లు లేవు. మాంసాహారి కాబట్టి పేగూ పొట్టి. తల మాత్రం చిన్నదేమీ కాదు.

ఒకే జాతిలోనూ కాలం తేడా తెస్తుంది. తొలకరి నాటికి ఎదిగిన ఆడ శీలావతి పొట్టలో జన నిండుతుంది. నిలవ నీటి చెరువులో అది గుడ్లు పెట్టదు, కాబట్టి ఆ బరువంతా తూకంలోకే వస్తుంది.