సంఘ భవనమున వైఫై పెట్టెల నెచ్చట నమర్పవలెను?

ఎరువుల పంపిణీనాడు విక్రయ యంత్రమునకు సంకేతము అందనియెడల యూరియా బస్తా గిడ్డంగిలోనే నిలుచును. రైతునకు ఒక పూట పని చెడును. సబ్సిడీ యెరువుల విక్రయము 2018 నుండి దేశమందంతట ఆధారు యంత్రముల మూలముననే జరుగుచున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 లకు కంప్యూటర్ల నేర్పరచు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 లో ఆమోదించినది. కావున వైఫై అమరికను గూర్చి సభ్యులు కొంత యెరిగియుండుట మేలు.

బావిలో నీరెంత, తడుపవలసిన చేనెంత యని యెంచిన పిదపనే రైతు మోటారు కొనును. ఇందును అదియే పద్ధతి. బల్లకడ నెందరు, కాటాకడ నెందరు, సభాశాలలో నొకేమారు ఎన్ని ఫోనులు పనిచేయునో ముందు వ్రాసికొనవలెను. ఒక పెట్టె తన కాలమును తన్నాశ్రయించిన ఫోనులన్నిటికిని పంచవలసియుండును. అందుచే జనము గుమిగూడు శాలకు వేరొక పెట్టె యవసరము కావచ్చును.

పిదప అడ్డంకులను చూడవలెను. ఇటుక గోడ తరంగబలమును తగ్గించును. కాంక్రీటు గోడ మరింత తగ్గించును. ఇనుప రేకు దాదాపు ఆపివేయును. ధాన్యమందలి తేమయు దానిని పీల్చును. కనుక ఖాళీ గిడ్డంగిలో చేసిన పరీక్ష చాలదు. బస్తాలు నిండినప్పుడు మరల చూడవలెను.

2.4 గిగాహెర్ట్జు తరంగములు దూరము పోవును. 5 గిగాహెర్ట్జువి వేగము గలవి, గాని గోడలకు త్వరగా లొంగును. మొదటి తరగతిలో 1, 6, 11 సంఖ్యల మార్గములు ఒకదానితో నొకటి కలియవు. ఇరుగుపొరుగు పెట్టెలకు వీనిని వేర్వేరుగా నియమింపవలెను.

పెట్టెను ఇనుప బీరువాలో దాచరాదు. పనిచేయువారికి నడుమ, ఎత్తున నుంచవలెను. శక్తిని పెంచినంత మాత్రమున ఫలము లేదు. పెట్టె మాట ఫోనునకు వినబడినను, ఫోను మాట పెట్టెకు వినబడవలెను గదా! దూరమందలి కాటాకు నెట్‌వర్కు తీగను 100 మీటర్లలోపున లాగి, అచ్చట వేరొక పెట్టె నుంచుట మేలు.

గోడకు రంధ్రము వేయుటకు మున్ను పెట్టెను నిచ్చెనపై నుంచి, ఫోను చేతబట్టి స్థలమంతయు నడచి చూడుడు. సంకేతబలము మైనస్ 67 డీబీఎం గాని, అంతకంటె సున్నకు దగ్గరగా గాని యున్నయెడల మాటలకును లెక్కలకును చాలును. చాలనిచోటును భవనపటముపై గుర్తించి, పాలకవర్గ సమావేశమున చూపుడు. అటుపిమ్మటనే కొనుగోలు తీర్మానము చేయవలెనని మా సలహా.