వర్తకమునకు వెసులుబాటు కల్పించు చట్టములు – తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

మన పాఠశాలలో బిడ్డలను చేర్చిన తల్లిదండ్రులలో పలువురు చిల్లర కొట్లు, హోటళ్ళు, పిండిమరలు, దర్జీ దుకాణములు, మామిడి, టొమేటో వ్యాపారములు చేసికొని జీవించువారు. తక్కినవారిలో ననేకులు నరసాపురము, వేమగల్లు, మాలూరు ప్రాంతముల కర్మాగారములలో పని చేయువారు. పరిశ్రమలకును, వర్తకమునకును అనుకూలమైన పరిస్థితులను కల్పించుటకై రాష్ట్ర ప్రభుత్వములు చేయు చట్టములు ఈ రెండు వర్గములవారికిని సంబంధించినవే. అయినను అవి కోటీశ్వరుల వ్యవహారములనియు, మనకు వానితో పని లేదనియు తలచువారే ఎక్కువగా కనబడుచున్నారు. ఈ తలంపు సరికాదని విన్నవించుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఈ చట్టముల పుట్టుక ఎట్టిదో చూతము. 1951వ సంవత్సరపు పరిశ్రమల చట్టము ననుసరించి పెద్ద పరిశ్రమలు పెట్టువారు కేంద్ర ప్రభుత్వమునుండి లైసెన్సు పొందవలసి యుండెడిది. 1991 జులైలో ప్రకటింపబడిన నూతన పారిశ్రామిక విధానముచేత కొన్ని పరిశ్రమలకు తప్ప ఆ లైసెన్సు తొలగిపోయినది. అంతటితో చిక్కులన్నియు తీరలేదు. సాగుభూమిని పరిశ్రమకు మార్పించుకొనుట, విద్యుత్తు, నీరు, పంచాయతీ లేక నగరసభ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి మొదలగునవి రాష్ట్రములోని వేర్వేరు కార్యాలయములలో పొందవలసియే యుండెను. ఒక కార్యాలయమువారు మరియొక కార్యాలయపు కాగితము తెమ్మందురు. అచటివారు మొదటి కార్యాలయపు కాగితమే తెమ్మందురు. ఈలోగా అప్పునకు వడ్డీ పెరుగుచుండును.

ఈ బాధను తగ్గించుటకై పెక్కు రాష్ట్రములు చట్టములు చేసినవి. 2002వ సంవత్సరపు కర్ణాటక పరిశ్రమల సౌకర్య చట్టము వానిలో నొకటి. ఆ యేటనే ఆంధ్రప్రదేశ్ శాసనసభయు ఏకగవాక్ష చట్టము నొకదానిని చేసినది. ఏకగవాక్షమనగా అర్జీదారుడు పది గుమ్మములు ఎక్కి దిగనక్కరలేకుండ ఒక్క కిటికీ యొద్దనే పని ముగించుకొనుట.

మన రాష్ట్ర చట్టము ప్రకారము పెట్టుబడి పరిమాణమునుబట్టి మూడు సంఘములు ఏర్పడినవి. మిక్కిలి పెద్ద ప్రతిపాదనలను ముఖ్యమంత్రిగారి అధ్యక్షతన గల ఉన్నత సంఘము పరిశీలించును. మధ్యతరగతివి రాష్ట్రస్థాయి సంఘమునకు పోవును. చిన్నవానిని జిల్లాధికారిగారి అధ్యక్షతన గల జిల్లా సంఘము చూచును. పెద్దవారికి సహాయపడుటకు బెంగుళూరులో కర్ణాటక ఉద్యోగ మిత్ర సంస్థయు, చిన్నవారికి జిల్లా పారిశ్రామిక కేంద్రమును గలవు. శ్రీనివాసపురమున మామిడి గుజ్జు తీయు చిన్న పరిశ్రమ పెట్టదలచినవాడు బెంగుళూరు పోనక్కరలేదు. జిల్లా కేంద్రమునకు పోయిన చాలును.

2020లో ఈ చట్టము సవరింపబడినది. సంఘము ఆమోదించిన పిమ్మట పారిశ్రామికుడు ప్రమాణపత్రము వ్రాసి యిచ్చి కట్టడము మొదలుపెట్టవచ్చును. తక్కిన అనుమతులను ఉత్పత్తి ప్రారంభించులోపల పొందవలెను. అయితే ఈ సడలింపు రాష్ట్ర చట్టముల క్రింది అనుమతులకే గాని కేంద్ర చట్టముల క్రిందివానికి వర్తింపదు. తినుబండారములు తయారుచేయువాడు 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము క్రింద లైసెన్సో, నమోదో పొందియే తీరవలెను. ఈ భేదమును తెలియక తొందరపడినవాడు తరువాత చిక్కుల పాలగును.

పరిశ్రమ పెట్టనివారికి ఇంతకంటె ముఖ్యమైనది 2011వ సంవత్సరపు పౌరసేవల హామీ చట్టము. ఇది 2012 ఏప్రిల్ 2వ తేదీన "సకాల" అను పేర అమలులోనికి వచ్చినది. పేరునకు తగినట్లు ఆ చట్టము క్రింద ప్రకటించిన సేవలకెల్ల గడువు నిర్ణయింపబడినది. అర్జీ తీసికొన్న అధికారి సంఖ్యతో కూడిన రసీదు ఇయ్యవలెను. గడువు దాటినను పని కాకున్న పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఆలస్యమునకు దినమునకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలు మించకుండ పరిహారము కోరవచ్చును. ఆ సొమ్ము తప్పు చేసిన అధికారియే భరింపవలెను. 500 రూపాయలు గొప్ప మొత్తము కాదు. కాని మన అర్జీ ఏ బల్లమీద, ఎవరి చేతిలో ఆగినదో ఆ సంఖ్య తెలుపును. అదియే దానివలని మేలు.

తెలంగాణమున 2014లో చేసిన టీఎస్-ఐపాస్ చట్టమును దీనితో పోల్చి చూడవచ్చును. 200 కోట్ల రూపాయలకు మించిన పెట్టుబడులకు 15 దినములలోను, తక్కినవానికి 30 దినములలోను అనుమతి లభింపవలెననియు, ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 1,000 రూపాయల జుల్మానా యనియు అందు నియమము. రెండు రాష్ట్రములలోను మూలసూత్రమొక్కటే: గడువు, బాధ్యత. కాని గడువు ఏనాడు మొదలైనదో చూపు కాగితము అర్జీదారుని చేతిలో లేనిచో ఏ చట్టమును అతనికి అక్కరకు రాదు.

కొన్ని యేండ్ల క్రిందట మా యెరుకలో జరిగిన సంగతి నొకదానిని చెప్పెదము. మా విద్యార్థి తండ్రి యొకరు పిండిమర పెట్టదలచి, కన్నడమున అర్జీ వ్రాయుట రాదని సంకోచించి, ఒక దళారి చేతిలో సొమ్మును కాగితములును పెట్టిరి. రసీదు లేదు, సంఖ్య లేదు. ఎనిమిది నెలలు తిరిగిన పిమ్మట అర్జీ దాఖలే కాలేదని తెలిసినది. మర కొరకు చేసిన అప్పు మాత్రము నిలిచినది. ఆ యేడు ఆ బాలుడు ఎనిమిదవ తరగతి నడుమనే బడి మాని పనికి పోయినాడు. చట్టము అప్పటికే యున్నది. ఆ యింటికి చేరలేదు.

ఇక కూలికి పోవువారి మాట. 2001లో కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు పని పోయినవారి కష్టములను మన జిల్లా ఎరుగును. పరిశ్రమలు రావలెననుటలో మాకు సందేహము లేదు. కాని వర్తకునకు వెసులుబాటు అన్నంత మాత్రమున కార్మికునకు రక్షణ సడలరాదు. 2020 డిసెంబరులో నరసాపురమున ఒక చరవాణుల కర్మాగారములో వేతనముల విషయమై అలజడి చెలరేగి విధ్వంసమునకు దారితీసినది. పిమ్మట జరిగిన ప్రభుత్వ తనిఖీలో వేతనముల చెల్లింపులోను, పని గంటల లెక్కలోను లోపములు బయటపడినవి. విధ్వంసమును ఎవరును సమర్థింపరు. అయితే లెక్కలు ముందే సరిగా చూచియున్న ఆ దినము వచ్చియుండెడిది కాదేమో. 2023లో మన శాసనసభ కర్మాగారముల చట్టమును సవరించి, వారమునకు 48 గంటలు మించకుండ దినమునకు 12 గంటల వరకు పని చేయించుటకు వీలు కల్పించినది. దీనిపై వాదోపవాదములు జరిగినవి. పనికి పోవు మీ పెద్ద బిడ్డలు తమ జీతపు చీటిని, హాజరు లెక్కను దాచుకొనుట అలవరచుకొనవలెను. వర్తకునకు రసీదు ఎట్టిదో కార్మికునకు జీతపు చీటి అట్టిది.

భాషను గూర్చి రెండు మాటలు. 2024లో చేసిన సవరణ చట్టము ప్రకారము దుకాణముల బోర్డులలో 60 శాతము కన్నడముండవలెను. మిగిలిన భాగమున తెలుగు వ్రాసికొనుటకు అడ్డు లేదు. దీనిని ద్వేషముతో గాక న్యాయముతో చూడవలెను. కొనవచ్చువారిలో కన్నడిగులు అనేకులు గదా. అట్లే మన రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణకై చేయు విన్నపమును ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు సమర్పించుకొను హక్కు ప్రతివానికిని గలదు. అర్జీ ఫారమును కన్నడమున నింపుట వేరు, అన్యాయము జరిగినపుడు తెలుగున మొరపెట్టుకొనుట వేరు. మొదటిది నేర్చుకొనవలసిన విద్య, రెండవది విడువరాని హక్కు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఏ అర్జీనైనను స్వయముగా దాఖలు చేయుడు. తేదీ, సంఖ్య గల రసీదు లేనిదే కార్యాలయము గడప దాటకుడు. గడువెన్ని దినములో అడిగి రసీదు వెనుక వ్రాసికొనుడు. గడువు మీరిన అప్పీలు చేయుడు, బ్రతిమాలుకొనుచు తిరుగకుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ప్రభుత్వము సంగతి చెప్పవలెనా?

మన బాలబాలికలు తెలుగుతోపాటు కన్నడమును చక్కగా చదువుచున్నారు. ఈ సంవత్సరము ఇంటిలో ఏ ఫారము వచ్చినను దానిని బిడ్డచేత బిగ్గరగా చదివించి, తెలుగున అర్థము చెప్పించుకొనుడు. అర్థము కానిది పాఠశాలకు తెండు. మేమును ఉపాధ్యాయులును కలిసి చదివి చెప్పెదము. అందులకు రుసుము లేదు.