వినబడని శబ్దం, తెలియాల్సిన వేడి

శెనక్కాయ చేలో కలుపు తీసే మనిషికి పొద్దున వంచిన నడుము మధ్యాహ్నం దాకా లేవదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం పీఠభూమిలో పదునున్నప్పుడే పని ముగించాలి. ఆ నడుములకూ మోకాళ్లకూ మొదటి వైద్యం ఇంట్లోనే. ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెడతారు. అప్పటికీ తగ్గకపోతే టౌనుకు పోయి ఫిజియోథెరపీ గదిలో 'కరెంటు పెట్టించుకుంటారు'. ఆ గదిలో తీగ చివర గుండ్రని లోహపు తల ఉన్న యంత్రం ఒకటి ఉంటుంది. అదే అల్ట్రాసౌండ్. కడుపులో బిడ్డను చూపించే స్కానింగు యంత్రానికి ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే ఇది బొమ్మ చూపించదు, లోపలి కండరాన్ని వేడెక్కిస్తుంది.

దీని కథ ఆసుపత్రిలో మొదలవలేదు. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అదే స్ఫటికం సాగి ముడుచుకుంటుందని మరుసటి ఏడాదికే తేలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచేస్తుంటే, వాటి జాడ పట్టడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ ఆ గుణాన్నే ఆసరా చేసుకున్నాడు. తూలోన్ రేవులో ప్రయోగాలు జరుగుతుండగా తరంగాల దారిలో పడ్డ చేపలు చచ్చిపోయాయి. ఆ నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లకు నొప్పి పుట్టింది. 1927లో అమెరికాలో రాబర్ట్ వుడ్, ఆల్‌ఫ్రెడ్ లూమిస్ ఈ తరంగాలు ఎర్ర రక్తకణాలను చీల్చగలవని, కప్పలను, చేపలను చంపగలవని నమోదు చేశారు. 1930ల చివర్లో జర్మనీలో రైమార్ పోల్‌మాన్ అదే శక్తిని చిన్న మోతాదులో నొప్పుల చికిత్సకు మళ్లించాడు. 1949లో ఎర్లాంగెన్‌లో వైద్యంలో అల్ట్రాసౌండ్ మీద పెద్ద సదస్సే జరిగింది.

చేపను చంపిన శక్తీ, నడుముకు వాడే శక్తీ ఒకటే. తేడా అంతా మోతాదులో ఉంది.

మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఫిజియోథెరపీ యంత్రం సెకనుకు 10 లక్షలు, లేదా 30 లక్షల కంపనాలు పుట్టిస్తుంది. 10 లక్షలది మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతుకు చేరుతుంది. 30 లక్షలది ఒకటి రెండు సెంటీమీటర్లలోనే శక్తిని వదిలేస్తుంది కాబట్టి పైపైన త్వరగా వేడెక్కిస్తుంది. చదరపు సెంటీమీటరుకు ఒక వాటు చొప్పున ఇచ్చినప్పుడు కండరం మొదటి రకంతో నిమిషానికి సుమారు 0.2 డిగ్రీలు, రెండో రకంతో 0.6 డిగ్రీలు వేడెక్కుతుందని డ్రేపర్ బృందం 1995లో కండరంలోకి సూదులు దించి కొలిచింది. తలకంటే రెండింతలు మించని చోటు మీదే పనిచేయాలన్న నియమం ఇందుకే. వీపంతా తుడిచినట్టు రాసుకుంటూ పోతే ఎక్కడా వేడెక్కదు.

తలకూ చర్మానికీ మధ్య గాలి పొర ఉంటే తరంగం వెనక్కి తిరిగిపోతుంది. జెల్లు రాసేది ఆ గాలి పొరను తొలగించడానికే. తలను క్షణం కూడా ఆపకూడదు. దాని ముఖమంతా శక్తి సమానంగా ఉండదు, కొన్ని చోట్ల సగటుకు అనేక రెట్లు ఉంటుంది. ఎముక ఈ శక్తిని ఆబగా పీల్చుకుంటుంది. తల ఒకేచోట నిలిస్తే ఎముక పైపొరలో లోతైన నొప్పి లేస్తుంది. రోగి "లోపల సలుపుతోందమ్మా" అంటే ఓర్చుకోమనకూడదు, వెంటనే యంత్రం శక్తిని తగ్గించాలి. గర్భిణి కడుపు, నడుము మీద, కళ్ల మీద, క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, రక్తం గడ్డకట్టిన సిర మీద, పేస్‌మేకర్ ఉన్న ఛాతీ మీద దీన్ని వాడరు.

పెరిగే పిల్లల ఎముకల చివరల దగ్గర కూడా అంతే జాగ్రత్త అవసరం. పిల్లల వైద్యంలో యంత్రం పాత్ర ఎంతో ఇక్కడి ఉదాహరణతోనే చూడవచ్చు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం జిల్లాకు వచ్చి నాటిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి ఉంది. దివ్యాంగుల పునరావాసం ఆ సంస్థ పనిలో ముఖ్య భాగం. అలాంటి చోట పిల్లల కాళ్లూ చేతులూ సాగడానికి ప్రధానంగా తోడ్పడేవి వ్యాయామం, పట్టీలు, ఓపిక. యంత్రం వంతు చాలా తక్కువ.

యంత్రంతోనైనా, మూటతోనైనా కాపడం పెట్టే ముందు చూడాల్సింది చర్మానికి స్పర్శ ఉందా అన్నది. షుగరు ముదిరి పాదాల్లో తిమ్మిరి పట్టినవాళ్లకు, కుష్ఠు వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు కాలుతున్నా తెలియదు. అందుకే ఒక గొట్టంలో గోరువెచ్చని నీళ్లు, ఇంకోదాంట్లో చల్లనివి తెచ్చి, కళ్లు మూసుకోమని, ఏది తాకిందో అడుగుతారు. రెండు నిమిషాల ఈ పరీక్ష ఏ యంత్రం కన్నా విలువైనది. ఆసుపత్రి హాట్ ప్యాకును 70 డిగ్రీలు దాటిన నీళ్లలో నుంచి తీస్తారు. తువ్వాలు ఆరేడు మడతలు లేకుండా దాన్ని ఒంటి మీద పెట్టరు, రోగిని దాని మీద పడుకోనివ్వరు. బెణికిన చీలమండకు మొదటి ఒకట్రెండు రోజులు వేడికన్నా ఐసే మేలు. అదీ తడిగుడ్డలో చుట్టి, పది పదిహేను నిమిషాలే. చలికి వేళ్లు తెల్లబడేవాళ్లకు ఐసు పనికిరాదు.

అనంతపురంలో వైద్యుడు ఇంకో అనుమానం కూడా మనసులో పెట్టుకోవాలి. వానల్లేని నేలలో బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడు నీళ్లే అందుతాయి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు ఫ్లోరోసిస్ జబ్బు వస్తుంది. మనదేశంలో ఈ జబ్బును షార్ట్ బృందం 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వివరంగా నమోదు చేసింది. ఎముకలో చేరిన ఫ్లోరైడును ఏ కాపడమూ, ఏ శబ్దమూ కరిగించలేదు. వెన్ను బిగుసుకుపోయిన మనిషికి నెలల తరబడి అల్ట్రాసౌండ్ పెట్టడంకన్నా తాగే నీటిని పరీక్షించడం ముందు.

మామూలు నొప్పుల్లోనూ దీని శక్తిని ఎక్కువ చేసి చెప్పకూడదు. 2001లో రాబర్ట్‌సన్, బేకర్ 35 ప్రయోగాలను వడపోస్తే పది మాత్రమే పద్ధతిగా జరిగినవని తేలింది. వాటిలో ఎనిమిదింటిలో అసలు యంత్రం, ఆపేసిన యంత్రం ఒకేలా పనిచేశాయి. తేడా కనిపించినవి రెండే: భుజం స్నాయువులో సున్నం పేరుకున్నప్పుడు, మణికట్టులో నరం నలిగినప్పుడు.

యంత్రం చూపే అంకె నిజమా అన్నది వేరే సంగతి. తల మీద నీటి చుక్క వేసి, అది చిటపటలాడితే బాగున్నట్టేనని చూసే అలవాటు ఉంది. తల కంపిస్తోందనే తప్ప ఎన్ని వాట్లో అది చెప్పదు. వాట్లు తెలియాలంటే నీళ్లలో శబ్దం తోసే బలాన్ని సున్నితమైన త్రాసుతో తూచాలి. శబ్దాన్ని పూర్తిగా పీల్చే పలక మీద ఒక వాటు తోపు 69 మిల్లీగ్రాముల బరువుతో సమానం. చికిత్సకు వెళ్లినవారు ఆ త్రాసు మీద యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారని అడగవచ్చు. ఆ తేదీ సాధారణంగా యంత్రానికి అతికించిన చీటీ మీదే ఉంటుంది.