‘సపుల్’ పదం: వినయం నుంచి నమ్యతకు

1. ప్రవేశిక

వంగే గుణాన్ని తెలిపే ఆంగ్ల విశేషణాలలో ‘ఫ్లెక్సిబుల్’, ‘ఎలాస్టిక్’, ‘సపుల్’ ముఖ్యమైనవి. మూడింటినీ తెలుగులో ఒకే మాటతో సరిపెట్టడం సులభమే. కానీ అలా చేస్తే వాటి అర్థభేదం మరుగున పడుతుంది. విరగకుండా వంగేది ‘ఫ్లెక్సిబుల్’. సాగి తిరిగి పూర్వరూపం పొందేది ‘ఎలాస్టిక్’, శాస్త్రపరిభాషలో స్థితిస్థాపకం. బిరుసుదనం లేక, సునాయాసంగా, సొంపుగా వంగేది ‘సపుల్’. నర్తకి దేహానికి, నూనె పట్టించి మెత్తబరచిన తోలుకు, లేత కొమ్మకు ఈ విశేషణం చెల్లుతుంది.

2. వ్యుత్పత్తి

ఈ పదం ప్రాచీన ఫ్రెంచిలోని ‘సూప్ల్’ ద్వారా మధ్యాంగ్లంలోకి వచ్చింది. దీని మూలం లాటిన్ ‘సుప్లెక్స్’. మోకరిల్లి వేడుకొనేవాడని దాని అర్థం. ఇందులో ‘సుబ్’ అంటే కింద. ఉత్తరభాగాన్ని కొందరు ‘మడుచు’ అనే అర్థంగల ‘ప్లికారే’తోను, మరికొందరు ‘శాంతపరచు’ అనే అర్థంగల ‘ప్లాకారే’తోను ముడిపెడతారు. ప్రార్థించడమనే అర్థంగల ‘సప్లికేట్’ కూడా ఈ కుదురులోనిదే.

3. అర్థపరిణామం

శరణార్థి వినయాన్ని తెలిపిన పదం క్రమంగా వస్తువుల, అవయవాల మెత్తదనానికి వర్తించింది. అయినా పూర్వార్థం పూర్తిగా నశించలేదు. అధికారుల మెప్పుకోసం వంగివంగి నడిచేవారి విషయంలోనూ ‘సపుల్’ ప్రయుక్తమైంది. చురుకుగా మలుపు తిరిగే బుద్ధికి మాత్రం అది ప్రశంసే. సందర్భమే ఇక్కడ అర్థనిర్ణాయకం.

4. భారతీయ భాషలతో పోలిక

సంస్కృతంలో ‘నమ్’ ధాతువుకు వంగుట అని అర్థం. నమస్కారం, వినమ్రత, నమ్యత దాని నుంచే పుట్టాయి. తమిళంలో ‘వణంగు’ అంటే వంగుట, మొక్కుట. ‘వణక్కం’ దాని నామరూపం. ఇక్కడ దేహం వంగడమనే భౌతికక్రియ నుంచి వినయమనే భావం ఏర్పడింది. లాటిన్ పదం ఇందుకు విపర్యయంగా వినయం నుంచి భౌతికగుణానికి చేరింది. దిశలు వేరైనా, రెండింటికీ ఆధారం వంగిన దేహమే.

5. ముగింపు

కనుక ‘సపుల్’కు తెలుగులో ఒక్క సమానార్థకాన్ని స్థిరపరచడం ఉచితం కాదు. దేహానికి ‘ఒడుపుగా వంగే’, తోలుకు ‘మెత్తని’, బుద్ధికి ‘చురుకైన’, నిందార్థంలో ‘లొంగుబాటుగల’ అనడం సముచితం. వ్యుత్పత్తి అర్థపు మూలాన్ని చూపుతుంది. అనువాదకుడికి దారి చూపేది ప్రయోగమే.