పేర్లలో మిగిలిన తోటలు

హైదరాబాద్: బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్, మూసారాంబాగ్.. నిత్యం సిటీ బస్సుల బోర్డులపై కనిపించే ఈ పేర్లన్నింటిలోనూ ‘బాగ్’ ఉంది. పారశీకంలో బాగ్ అంటే తోట. మూసారాం అన్నది ఫ్రెంచి సేనాని మాన్షియర్ రేమండ్ పేరు జనం నోట మారిన రూపమే. నాటి తోటలు చాలావరకు ఇళ్ల కింద కలిసిపోయాయి. మిగిలిన కొన్నింటిని చూడదలచినవారు కుతుబ్‌షాహీ సమాధుల నుంచి మొదలుపెట్టడం మేలు.

106 ఎకరాల ఆ ప్రాంగణానికి వచ్చేవారిలో ఎక్కువమంది గుమ్మటాలను చూసి వెనుదిరుగుతారు. తోటల ప్రాణం మాత్రం మెట్లబావుల్లో ఉంది. ఆ రోజుల్లో బావి నీటిని పైకి తోడి, కాలువల ద్వారా మొక్కలకు మళ్లించేవారు. వాటిలో పెద్దదైన బడీ బావలీలో కొంత భాగం 2013 వర్షాలకు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఆధ్వర్యంలో దానిని తిరిగి నిలబెట్టారు. వాన నీరు మళ్లీ బావికి చేరుతోంది. అదే నీరు మొక్కలకూ అందుతోంది. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

అక్కడికి కొద్ది దూరంలోనే, గోల్కొండ నయాకిలాలో, ‘హత్తియాన్ కా ఝాడ్’ ఉంది. అంటే ఏనుగు చెట్టు. ఆఫ్రికాకు చెందిన ఈ బావోబాబ్ వృక్షం మాను చుట్టుకొలత పాతిక మీటర్ల పైమాటే. దాని తొర్రలో నలభై మంది దొంగలు దాగేవారని కథ. నమ్మినా నమ్మకున్నా, మాను ముందు నిలిస్తే కొట్టివేయాలనిపించదు.

నాంపల్లిలోని బాగ్-ఏ-ఆమ్ పేరుకే ప్రజల తోట కాదు. శాసనసభ, జూబ్లీహాలు, పురావస్తు ప్రదర్శనశాల చుట్టూ ఉన్నా, ఉదయపు నడకకు వచ్చేవారికి అది నేటికీ తోటే.

అన్నింటికన్నా ముఖ్యంగా చూడవలసింది తోట కాదు, ఒంటరి చింతచెట్టు. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పోటెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, దీని కొమ్మలను పట్టుకుని 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. ఆ రోజు మృతులను స్మరిస్తూ నగర ప్రేమికులు సెప్టెంబరు 28న ఈ చెట్టు నీడలోనే సమావేశమవుతుంటారు.