మలేరియా లేదన్న రిపోర్టును ఎంత నమ్మాలి?

"రిపోర్టు నెగెటివ్ వచ్చింది, ఇక భయం లేదు" అన్న మాట మన ఇళ్ళలో తరచు వింటూంటాం. కొరాపుట్, రాయగడ వంటి కొండ ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న మనవాళ్ళకు చలిజ్వరం కొత్తది కాదు. అయితే ఆ కాగితం చెప్పేది ఎంతవరకు నిజమో అందరూ తెలుసుకోవాలి. నేను డాక్టరును కాను, బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. కాని ఈ విషయంలో సగం వైద్యమైతే, మిగతా సగం లెక్కే.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దాన్ని దోమ పొట్టలో చూశాడు. ఇద్దరికీ కన్నుగా నిలిచిన మైక్రోస్కోపే నేటికీ ప్రధాన సాధనం. వేలికొసన తీసిన రక్తాన్ని గాజుపలక మీద మందంగా ఒక పూత, పలుచగా ఒక పూత వేస్తారు. మందపు పూతలో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. పలుచని పూతలో అది వైవాక్సో ఫాల్సిపేరమో తేలుతుంది. రెండింటికీ మందులు వేరు. చెయ్యి తిరిగిన నిపుణుడు మైక్రోలీటరు రక్తంలో 5 నుంచి 10 క్రిములున్నా పట్టగలడు. పని ఒత్తిడి ఉన్న మామూలు ల్యాబులో 50 నుంచి 100 ఉంటేగాని కనిపించకపోవచ్చు.

రెండోది కార్డు టెస్టు. ఇది క్రిమి వదిలే ప్రోటీనును పట్టుకుంటుంది. కరెంటు అక్కరలేదు, సుమారు 20 నిమిషాల్లో ఫలితం వస్తుంది. మారుమూల పల్లెల్లో ఆశా కార్యకర్తలే చేస్తున్నారు. అయితే దీనికి సాధారణంగా 100 నుంచి 200 క్రిములు ఉండాలి. పైగా ఫాల్సిపేరం ప్రోటీను జబ్బు నయమైన తరువాత కూడా కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది. అందుచేత మందు పనిచేసిందా అన్న ప్రశ్నకు ఈ కార్డు జవాబు చెప్పలేదు. పి.సి.ఆర్. పరీక్ష ఇంకా తక్కువ క్రిములను పట్టగలదు గాని, ఖర్చూ సమయమూ ఎక్కువ.

ఇక లెక్కకు వద్దాం. దొంగనోట్లను పట్టే యంత్రానికి రెండు గుణాలుండాలి. దొంగనోటును వదలకూడదు, మంచినోటును తప్పుపట్టకూడదు. రక్తపరీక్షకూ అంతే. ఉదాహరణకు రెండింటిలోనూ నూటికి 95 పాళ్ళు సరిగ్గా చెప్పే పరీక్ష ఒకటుందనుకుందాం.

మన్యంలో వెయ్యిమంది జ్వరపీడితుల్లో 300 మందికి మలేరియా ఉందనుకోండి. పరీక్ష 285 మందిని పడుతుంది, 15 మందిని వదిలేస్తుంది. జబ్బులేని 700 మందిలో 35 మందికి ఉందని చెబుతుంది. మొత్తం 320 పాజిటివ్‌లలో 285 నిజమైనవి.

అదే పరీక్షను నగరంలో వెయ్యిమందికి చేస్తే, వారిలో 20 మందికే జబ్బు ఉందనుకోండి. 19 మంది దొరుకుతారు, ఒక్కరే తప్పిపోతారు. కాని జబ్బులేని 980 మందిలో 49 మందికి ఉన్నట్టు వస్తుంది. 68 పాజిటివ్‌లలో నిజమైనవి 19 మాత్రమే!

పరీక్ష మారలేదు, ఊరు మారింది. నగరంలో 'ఉంది' అన్న మాటను సరిచూసుకోవాలి. మన్యంలో 'లేదు' అన్న మాటను సరిచూసుకోవాలి.

మనబోటి కుటుంబాలకు ఇందులో మరో మెలిక ఉంది. సెలవులకు రాయగడలోని తాతగారింటికి వెళ్ళి బెంగుళూరు తిరిగివచ్చిన పిల్లవాడికి జ్వరం వస్తే, వాడికి వర్తించేది బెంగుళూరు లెక్క కాదు, రాయగడ లెక్క. మనం చెప్పకపోతే డాక్టరుగారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వైవాక్స్ క్రిమి కాలేయంలో నెలల తరబడి దాగి మళ్ళీ పైకి రాగలదు. కాబట్టి గత ఏడాదిలో చేసిన ప్రయాణాలన్నీ చెప్పడం మంచిది.

రక్తం ఇవ్వకముందే ఇంట్లో ఉన్న మలేరియా మాత్రలు వేసుకోకండి. క్రిములు తగ్గి పరీక్షకు దొరక్కపోవచ్చు. నెగెటివ్ వచ్చినా జ్వరం వదలకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ పరీక్ష చేయించమని అడగండి. మగత, ఫిట్స్, ఆయాసం కనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఫాల్సిపేరం విషయంలో ఒక్కరోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి తేవచ్చు.