మెరుపుగీత లేని సందు

మెల్‌బోర్న్ నడిబొడ్డున, ఫ్లిండర్స్ లేన్ నుంచి పక్కకు తిరిగే ఇరుకు సందు ఒకటుంది. రెండు వైపులా ఇటుక గోడలు, వాటి మీద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వేసిన రంగు బొమ్మలు, పక్కన చెత్త డబ్బాలు. గోడ చీల్చుకుని బయటికి దూకుతున్నట్టుండే ఒక మనిషి బొమ్మ. 2004 అక్టోబరు 1 దాకా దాని పేరు కార్పొరేషన్ లేన్. ఆ రోజు నుంచి ఏసీడీసీ లేన్. ఏసీ/డీసీ రాక్ బృందం పేరే పెట్టారు గానీ, ఆ పేరు మధ్యలో ఉండే మెరుపుగీత మాత్రం బోర్డెక్కలేదు. వీధి పేర్లలో అలాంటి గీతలు కుదరవని రాష్ట్ర నిబంధనలు అడ్డొచ్చాయి. తర్వాత ఒక కళాకారుడు తనంతట తానే మెరుపు చేయించి తగిలించాడు. అభిమానులైతే ఏకంగా బోర్డులనే ఊడబీక్కుని ఇళ్లకు పట్టుకుపోయారు.

పాత పాటల మీద బెంగ ఏ ఊళ్లోనైనా ఉంటుంది. మెల్‌బోర్న్‌లో ఆ బెంగకు చిరునామాలున్నాయి. లిటిల్ బర్క్ స్ట్రీట్ పక్కన, డివైనిల్స్ బృందం గాయని క్రిస్సీ యాంఫ్లెట్ పేరిట 2015లో ఒక సందు వెలిసింది. సముద్రం ఒడ్డున సెయింట్ కిల్డాలో గిటారిస్టు రోలాండ్ ఎస్. హోవర్డ్ పేరు మోస్తున్న సందు ఇంకొకటి. మనం చౌరస్తాల్లో నాయకుల విగ్రహాలు పెడతాం. వీళ్లు పాటగాళ్లకు సందులు రాసిచ్చారు. ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. ఆ సంగీతం పుట్టింది చౌరస్తాల్లో కాదు మరి, వెనక గదుల్లో.

గోడలోంచి దూకుతున్న ఆ బొమ్మ ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్‌ది. 1976 ఫిబ్రవరి 23న అతనూ అతని బృందమూ పక్క గోడల్లేని లారీ ఎక్కి, ఈ సందుకు నాలుగడుగుల దూరంలోని స్వాన్‌స్టన్ స్ట్రీట్ మీద పాడుకుంటూ వెళ్లారు. టీవీ కార్యక్రమం ‘కౌంట్‌డౌన్’ కోసం తీసిన ముక్క అది. పాట పేరు ‘ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్’. ఊరూరా తిరిగి వాయించుకునే వాళ్ల అగచాట్లే అందులో విషయం. లారీ మీద గిటార్ల పక్కన స్కాట్లాండ్ వేషాల్లో బ్యాగ్‌పైపులు ఊదేవాళ్లు కూడా నిలబడ్డారు. ఈ వాద్యం మనకు మరీ పరాయిదేమీ కాదు, వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదే తిత్తికి దూరపు చుట్టం. రాక్ పాటలోకి అదెలా దూరిందో చెప్పుకునే కథ సరదాగా ఉంటుంది. స్కాట్ చిన్నప్పుడు ఫ్రీమాంటిల్‌లో పైప్ బ్యాండులో ఉండేవాడని విని, అయితే నువ్వే ఊదు అన్నారట. తీరా చూస్తే ఆ బ్యాండులో అతను వాయించింది డ్రమ్ము. అయినా నేర్చుకుని ఊదాడు. నాలుగేళ్లు తిరగకుండానే, 1980 ఫిబ్రవరిలో, లండన్‌లో చనిపోయాడు.

ఇంత పాట ఈ ఊళ్లో ఎక్కణ్నుంచి వచ్చిందంటే, గడియారంలోంచి అనాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1916లో, విక్టోరియా రాష్ట్రంలో సారా దుకాణం మొదలు పెద్ద హోటల్ దాకా సాయంత్రం ఆరుకల్లా మూసెయ్యాలని చట్టం చేశారు. యుద్ధం ముగిసినా చట్టం మాత్రం ముగియలేదు. అయిదింటికి పని దిగినవాడు ఆ ఒక్క గంటలో తాగగలిగినంతా తాగేవాడు. కూర్చునే తీరికెక్కడిది, పాట వినే ఓపికెక్కడిది! దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1966 ఫిబ్రవరిలో, గడువును రాత్రి పదికి జరిపారు. ఒక్కసారిగా నాలుగు గంటల ఖాళీ చేతికొచ్చింది. దాన్ని నింపడానికి శివార్లలోని హోటళ్లు తమ పెద్ద హాళ్లలో బ్యాండ్లను దింపాయి.

అక్కడి జనం పూలదండలు వేసే రకం కాదు. రోజంతా ఫ్యాక్టరీలో నలిగి వచ్చి, చేతిలో బీరు గ్లాసుతో, నచ్చకపోతే మొహమ్మీదే చెప్పేవాళ్లు. వాళ్ల మాటల హోరును దాటి వినపడాలంటే పాట గట్టిగా, సూటిగా, కాళ్లు ఆగనివ్వకుండా ఉండాలి. ఆస్ట్రేలియా ‘పబ్ రాక్’ అన్నది ఏ స్టూడియోలోనో కూర్చుని కనిపెట్టింది కాదు, ఆ హాళ్ల గోల నేర్పిన పద్ధతి. ఒలికిన బీరుతో జిగురెక్కి, చెప్పులను పట్టి లాగే తివాచీల గురించి ఇప్పుడు అరవై దాటినవాళ్లు చెబుతుంటే, మనవాళ్లు నేల టిక్కెట్టు రోజులు చెబుతున్నట్టే ఉంటుంది. అడిలైడ్ నుంచి కోల్డ్ చిజల్, సిడ్నీ నుంచి మిడ్‌నైట్ ఆయిల్, ఇన్‌ఎక్సెస్ అందరూ ఈ బడిలో చదివినవాళ్లే.

మెల్‌బోర్న్ తనకు తాను పాటలో కనపడింది మాత్రం స్కైహుక్స్ వల్ల. 1974లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘లివింగ్ ఇన్ ద సెవంటీస్’లో కార్ల్‌టన్, బాల్విన్, టూరాక్ లాంటి సొంత పేటల పేర్లున్నాయి. అప్పటిదాకా పాటల్లో ఊళ్లంటే అమెరికావో ఇంగ్లండువో. ఆల్బమ్‌లోని పది పాటల్లో ఆరింటిని ప్రైవేటు రేడియోలు నిషేధించాయి. అయినా 16 వారాలు అదే మొదటి స్థానంలో కూర్చుంది.

వాళ్లను ఇంటింటికీ చేర్చింది ‘కౌంట్‌డౌన్’. 1974 నుంచి 1987 దాకా ఏబీసీ టీవీలో, ఆదివారం సాయంత్రం ఆరింటికి. మనకు శుక్రవారం చిత్రలహరి ఎలాగో, ఆ తరానికి అది అలాగ. అప్పటికి తిండి ముగించుకుని పిల్లలంతా టీవీ ముందు బాసింపట్టు వేసేవాళ్లు. తలమీద కౌబాయ్ టోపీ, నాలుకమీద తడబాటు, ఇదే వ్యాఖ్యాత మాలీ మెల్‌డ్రమ్ అవతారం. ప్రశ్న ఒకటి మొదలుపెట్టి మధ్యలో ఇంకెక్కడికో వెళ్లిపోయేవాడు. అందుకే జనం నమ్మారనుకుంటాను. అతను అమ్ముతున్నట్టు కాక మురిసిపోతున్నట్టు ఉండేది. స్వీడన్ వాళ్ల అబ్బా బృందాన్ని ఆస్ట్రేలియా నెత్తిన పెట్టుకోవడానికి కారణం కూడా ఈ కార్యక్రమమే. మొదటి ఏళ్ల టేపులను ఏబీసీ వాళ్లు చెరిపేసి, వాటి మీదే వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. టేపు ఖరీదైన రోజులు, తప్పు పట్టలేం. కానీ బెంగ ఎప్పుడూ దొరకనిదాని మీదే కదా ఎక్కువ! ఎల్‌స్టర్న్‌విక్‌లోని ఆ స్టూడియోల నుంచి 2017లో ఏబీసీ వెళ్లిపోయింది. మెల్‌డ్రమ్ మాత్రం కుక్కతో సహా కంచు విగ్రహమై రిచ్‌మండ్‌లో నిలబడ్డాడు.

రిచ్‌మండ్‌లోనే క్రికెటర్స్ ఆర్మ్స్ అనే హోటల్లో వారం వారం వాయించిన కుర్రాళ్లు మెన్ ఎట్ వర్క్. 1983 మొదట్లో వాళ్ల ఆల్బమూ, ‘డౌన్ అండర్’ పాటా ఒకేసారి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచాయి. పాతికేళ్లు గడిచాక 2007లో, టీవీ క్విజ్ ఒకటి తమాషాగా అడిగింది: ఆ పాటలో గ్రెగ్ హామ్ ఊదిన ఫ్లూటు బిట్టులో ఏ పిల్లల పాట దాగుంది? జవాబు ‘కూకబర్రా’. 1930లలో మేరియన్ సింక్లెయిర్ అనే టీచరు గర్ల్ గైడ్స్ కోసం రాసింది, దేశంలో బడికెళ్లిన ప్రతివాడికీ వచ్చిన పాట. ఇన్నేళ్లూ ఎవరి చెవికీ తట్టలేదు. హక్కులున్న కంపెనీ కోర్టుకెక్కింది. 2010లో తీర్పు వాళ్ల వైపొచ్చింది, రాబడిలో 5 శాతం ఇవ్వమన్నారు. హామ్ 2012లో చనిపోయాడు. రెండు గీతల స్వరం. చిన్నప్పుడు బడిలో విన్నది పెద్దయ్యాక వేళ్లలోంచి దానంతటదే వస్తే దొంగతనం అంటారా? చట్టం అంది. నాకు మాత్రం ఇంకా మనసొప్పదు.

ఇక టోట్ సంగతి. కాలింగ్‌వుడ్‌లో జాన్‌స్టన్ స్ట్రీట్ మూలన ఉండే పాత హోటలు అది. చీకటి గదులు, తక్కువ ఎత్తు స్టేజీ. 2010 జనవరిలో అది మూతపడింది. రాత్రిళ్లు పాట పెట్టే చోట గొడవలు ఎక్కువన్న లెక్కన మద్యం లైసెన్సు నిబంధనలు బిగించి, కాపలా మనుషులను పెట్టమన్నారు. చిన్న హోటలుకు ఆ ఖర్చు మోయడం కాలేదు. వెంటనే ఊరు లేచింది. ఫిబ్రవరి 23న వేల మంది స్టేట్ లైబ్రరీ దగ్గర పోగై పార్లమెంటు దాకా నడిచారు. తేదీ గుర్తుంది కదా? లారీ మీద బాన్ స్కాట్ పాడిన రోజు. ఊరేగింపు ముందు నడిచింది కూడా ఒక లారీయే, దాని మీద మోగింది కూడా ఆ పాటే. ఆ ఏడాదే టోట్ మళ్లీ తెరుచుకుంది.

2014లో రాష్ట్ర ప్రణాళికా నిబంధనల్లో ఒక కొత్త సూత్రం చేరింది. పాట జరిగే చోటుకు 50 మీటర్ల లోపల ఎవరైనా కొత్తగా ఇళ్లు కడితే, శబ్దం లోపలికి రాకుండా చూసుకునే ఖర్చు కట్టేవాళ్లదే. అంతకుముందు అలా ఉండేది కాదు. సందడి ఉన్న పేట అని ముచ్చటపడి అపార్ట్‌మెంటు కొనేవాళ్లు, కొన్నాక ఆ సందడి మీదే ఫిర్యాదు చేసేవాళ్లు, చివరికి తలుపులు మూసుకునేది పబ్బు. గుడి పక్కన ఇల్లు కొని మైకు ఆపమన్నట్టు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పాత థియేటర్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతుంటే మనం ఫొటోలు పెట్టుకుని నిట్టూర్చాం. వీళ్లు నిట్టూర్పును చట్టం చేసుకున్నారు. అది చాలా అరుదైన పని. అన్నీ దక్కాయనీ కాదు. బర్క్ స్ట్రీట్‌లోని ప్యాలెస్ థియేటర్ పోయింది. సెయింట్ కిల్డాలో 1878 నాటి ఎస్ప్లనేడ్ హోటల్, వాళ్ల నోట ఎస్పీ, 2015 నుంచి మూడేళ్లు మూతపడి, కొత్త సొగసులతో తెరుచుకుంది. తివాచీ ఇప్పుడు అంటుకోవడం లేదని పాతవాళ్లకు అదో బాధ.

ఇదంతా ‘ఆస్ట్రేలియా సంగీతం’ అంటున్నాం గానీ, పాడినవాళ్లలో సగం మంది పడవ దిగి వచ్చినవాళ్ల పిల్లలు. స్కాట్, అతని బృందంలోని యంగ్ సోదరులు, మెన్ ఎట్ వర్క్ గాయకుడు కాలిన్ హే పుట్టింది స్కాట్లాండ్‌లో. ‘యూ ఆర్ ద వాయిస్’ పాడిన జాన్ ఫార్నమ్ ఇంగ్లండ్‌లో. ఆ పాటలో కూడా బ్యాగ్‌పైపు ఉంది చూడండి! సీకర్స్ బృందంలో గిటారు వాయించిన కీత్ పాట్జర్ కొలంబోలో పుట్టాడు. అయిదేళ్లకు మెల్‌బోర్న్ వచ్చిన ఒలీవియా న్యూటన్-జాన్‌కు భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ తాతగారు, 1930లలో సి.వి. రామన్ పిలుపు మీద బెంగళూరులో కొన్ని నెలలు ఉండి వెళ్లిన ఆ బోర్నే.

2022లో పది రోజుల వ్యవధిలో ఈ ఊరు మూడు గొంతులను పోగొట్టుకుంది. జులై 30న ఆర్చీ రోచ్, ఆగస్టు 5న సీకర్స్ గాయని జుడిత్ డర్హమ్, 8న ఒలీవియా. 1967 మార్చిలో సిడ్నీ మయర్ మ్యూజిక్ బౌల్‌లో సీకర్స్ పాడినప్పుడు రెండు లక్షల మంది వచ్చారని లెక్కగట్టారు. రోచ్‌ది ఇంకో దారి. ఆదివాసీ బిడ్డ, చిన్నతనంలోనే ప్రభుత్వం కుటుంబం నుంచి లాక్కుపోయినవాడు. ఆ ఎడబాటునే ‘టుక్ ద చిల్డ్రన్ అవే’గా పాడాడు. 1990లో వచ్చిన అతని తొలి ఆల్బమ్ పేరు ‘చార్‌కోల్ లేన్’. పాటకు ఈ ఊరు సందులు ఇవ్వకముందే అతను ఒక సందును పాటల్లోకి ఎక్కించాడన్న మాట.

2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఇళ్లు కట్టుకున్న మనవాళ్లకు ఈ పాటలేవీ చిన్ననాటివి కావు. బాక్సింగ్ డే టెస్టుకని రిచ్‌మండ్ స్టేషన్లో దిగినప్పుడు మాత్రం, పంట్ రోడ్ వైపు ధాన్యం నిల్వచేసే పొడుగాటి సిమెంటు గొట్టాల మీద నైలెక్స్ కంపెనీ గడియారం కనిపిస్తుంది. గాయకుడు పాల్ కెల్లీ 1986 నాటి ‘గాసిప్’ ఆల్బమ్‌లో ఆ గడియారమూ ఉంది, క్రికెట్ మైదానమూ ఉంది. 2009లో కంపెనీ దివాలా తీశాక దీపాలు ఆరిపోయాయి. 2015లో ఒక రాత్రి ఎవరో చాటుగా పైకెక్కి వెలిగిస్తే, ఊరంతా సంబరపడింది. అది టైముతో పాటు చలి ఎంతుందో కూడా చూపించేది. ఇప్పుడు ఏమీ చూపించకపోయినా, దాని మీద ఎన్ని డిగ్రీలు అని కెల్లీ పాటలు వింటూ పెరిగిన మెల్‌బోర్న్ మనిషిని అడగండి. తలెత్తి చూడకుండానే పదకొండు అంటాడు.